చిన్నపిల్లల గుండె ఆగినప్పుడు: నల్గొండలో రెండు రోజుల పాల్స్ శిక్షణ ఎట్లున్నదంటే

నేను దేవరకొండలో ఒక చిన్నపిల్లల దవాఖానలో స్టాఫ్ నర్సును. పదమూడేళ్ల సర్వీసు. డిండి, చందంపేట వైపు తండాల నుంచి మా దగ్గరికి పిల్లలు వస్తారు. మా వల్ల కాదనుకుంటే హైదరాబాద్ పంపాలి. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా నూరు కిలోమీటర్ల పైమాటే. ఊపిరి ఆడని బిడ్డతో ఆ దారి ఎంత పొడుగో అంబులెన్సులో కూర్చుని పోయినవాళ్లకే తెలుసు. అందుకని ఈ శిక్షణను నేను ఒకటే లెక్కతో చూశాను. రెండు రోజులు నేర్పినదాంట్లో మా ఎమర్జెన్సీ గదిలో, మాకున్న సామానుతో, మా మనుషులతో పనికొచ్చేది ఎంత?

చాలా ఉంది. లోపాలూ ఉన్నాయి. రెండూ చెప్తాను.

ముందు నేనెందుకు పోయానో చెప్పాలి. నాలుగేళ్ల కింద వేరే దవాఖానలో పనిచేసేదాన్ని. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మూడేళ్ల పిల్లగాడు ఇంటి ముందరి నీళ్ల సంపులో పడ్డాడు. పక్కింటాయన బండి నడిపితే తండ్రి వెనక కూర్చుని పిల్లగాణ్ణి భుజాన వేసుకొచ్చాడు. మేం నలుగురం ఉన్నాం, నలుగురం ఉరికాం. ఎవరు ఏం చేయాలో మాత్రం ఎవరికీ తెలియదు. చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి, అదే అంబు బ్యాగు, దానికి ఉన్నది పెద్దవాళ్ల మాస్కు. పిల్లగాడి మొహం మీద పెడితే కళ్లు కూడా మూసుకుపోయాయి, గాలంతా పక్కల నుంచే పోయింది. చిన్న మాస్కు పై అంతస్తులో ఉందని ఒకామె మెట్లెక్కింది. గుండె ఆగినప్పుడు ఇచ్చే మందు అడ్రినలిన్ ఎంత అంటే ఒకరు అర ఆంపూల్ (చిన్న గాజు మందుసీసా) అన్నారు, ఒకరు పావు చాలన్నారు. నేను ఛాతీ ఒత్తుతూనే ఉన్నాను, ఎంత లోతు ఒత్తుతున్నానో నాకే తెలియలేదు. పిల్లగాడు దక్కలేదు. తెచ్చేసరికే ఆలస్యమైందని సార్ తర్వాత అన్నారు. అయ్యుండొచ్చు. కానీ ఆ తల్లి గోడకు ఆనుకుని అంతసేపూ మా చేతులనే చూస్తూ నిలబడింది. ఆ చూపు నన్ను ఇప్పటికీ విడవలేదు.

పాల్స్ అంటే పీడియాట్రిక్ అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తయారుచేసిన కోర్సు. డాక్టర్లకు, నర్సులకు, అంబులెన్సుల్లో చేసేవాళ్లకు ఇస్తారు. పాసైతే ఇచ్చే కార్డు రెండేళ్లు చెల్లుతుంది. ఇన్నాళ్లూ దీనికోసం హైదరాబాద్ పోవాల్సి వచ్చేది. గత నెల ఒక శిక్షణ సంస్థ వాళ్లు బొమ్మలు, మానిటర్లు అన్నీ వ్యానులో వేసుకుని నల్గొండకే వచ్చారు. గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక హాలు తీసుకున్నారు. ఇరవై మందికి పైగా వచ్చాం. సూర్యాపేట, మిర్యాలగూడ, నకిరేకల్ నుంచి ఎక్కువమంది, మహబూబ్‌నగర్ నుంచి ఇద్దరు. ఫీజు నా నెల జీతంలో సగం దాకా అయింది. దవాఖాన ఇవ్వలేదు, నేనే కట్టుకున్నాను.

పోయేముందు ఆన్‌లైన్‌లో ఒక పరీక్ష ఉంటుంది. 70 శాతం రావాలి. పుస్తకం చదవకుండా పోతే ఆ రెండు రోజులూ వృథా అవుతాయి. నేను నైట్ డ్యూటీల్లో మూడు వారాలు చదివాను. ఈసీజీ చాప్టరు రెండుసార్లు చదవాల్సి వచ్చింది.

మొదటి రోజు పొద్దున మాకు నేర్పిన మేడం చెప్పిన మాట ఒకటి నా పదమూడేళ్ల సర్వీసును తిరగేసి చూపించింది. పెద్దవాళ్లకు చాలాసార్లు గుండెకే ముందు దెబ్బ తగులుతుంది. పిల్లలకు అట్లా కాదు. ఊపిరి అందకనో, ఒంట్లో నీళ్లు పోయి షాక్‌లోకి, అంటే ఒంటికి రక్తం సరిగ్గా అందని స్థితిలోకి, జారో, చివరికి గుండె ఆగుతుంది. అంటే ఆగడానికి ముందు మనకు కొంత సమయం ఉంటుంది, ఆ సమయంలో బిడ్డ మనకు చెప్తూనే ఉంటుంది. చూసే కన్ను కావాలి అంతే. గది గుమ్మంలో నిలబడి, బిడ్డను ముట్టకముందే మూడు చూడాలి. మనవైపు చూస్తోందా, ఊపిరి ఎట్లా తీస్తోంది, ఒంటి రంగు ఎట్లుంది. పిల్లల వీడియోలు వేసి ఒక్కొక్కరినీ అడిగారు. డొక్కలెగరేయడం, ముక్కుపుటాలు ఆడడం, మూలగడం, ఇవన్నీ మాకు తెలిసినవే. ఆరు నెలల బిడ్డ ఒకటి నిమిషానికి 70 సార్లు ఊపిరి తీస్తూ, కాసేపటికి 20కి వచ్చింది. హాల్లో సగం మంది తగ్గిందనుకున్నాం. తగ్గలేదు, అలిసిపోయింది. ఇంకాసేపట్లో ఆగిపోతుంది. "ఇప్పుడే నిద్రపట్టింది సిస్టర్, నయమైనట్టుంది" అని ఎంతమంది తల్లులు నాతో అన్నారో, ఎన్నిసార్లు నేనూ తలూపి పక్క మంచానికి పోయానో అప్పుడు గుర్తుకొచ్చింది.

తర్వాత అంబు బ్యాగు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క గంటకే నా ఫీజు వసూలైంది. పదమూడేళ్లుగా బ్యాగు పడుతున్నాను, తప్పుగా పడుతున్నాను. మాస్కు ముక్కు దూలం దగ్గర మొదలై గడ్డం దగ్గర ఆగాలి, కళ్ల మీదికి రాకూడదు. బొటనవేలు, చూపుడువేలు మాస్కు మీద గుండ్రంగా పట్టు, మిగతా మూడు వేళ్లు దవడ ఎముక కింద. ఆ మూడు వేళ్లతో దవడను మాస్కులోకి పైకి లాగాలి. నేనేమో ఇన్నాళ్లూ మాస్కును మొహం మీద కిందికి అదుముతున్నాను. అట్లా అదిమితే మెడ వంగి గాలి పోయే దారి మూసుకుపోతుంది. పసిబిడ్డకు తల వెనక భాగం పెద్దది కాబట్టి పడుకోబెడితేనే మెడ ముందుకు వంగుతుంది. భుజాల కింద తువ్వాల మడతపెట్టి పెడితే సరిగ్గా కుదురుతుంది. మేడం బొమ్మ భుజాల కింద తువ్వాల ఒకసారి పెట్టి, ఒకసారి తీసి, నన్ను బ్యాగు నొక్కమన్నారు. తీసినప్పుడు చెయ్యి మొరాయించింది. పెట్టినప్పుడు బ్యాగు మెత్తగా దిగింది, ఛాతీ లేచింది. ఆ తేడా నా అరచేతికి అర్థమైంది.

ఎంత నొక్కాలో, ఎంత వేగంగా నొక్కాలో కూడా అక్కడే తెలిసింది. ఛాతీ లేచేంత వరకే. మేం కంగారులో టపటపా నొక్కేస్తాం. గాలి కడుపులోకి పోతుంది, వాంతి అవుతుంది, ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. నాడి ఉండి ఊపిరి చాలని బిడ్డకు రెండు మూడు సెకన్లకు ఒకటి చాలు. "ఒత్తు, వదులు, వదులు" అని పైకి అనుకుంటూ చేయమన్నారు. ఇప్పుడు మా దవాఖానలో ఆయమ్మకు కూడా ఆ మాట వచ్చేసింది.

ఛాతీ ఒత్తడానికి వస్తే, లెక్క దగ్గర మాకొక చిక్కు వచ్చింది, అది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇద్దరుంటే 15 ఒత్తులకు 2 శ్వాసలు, ఒక్కరే ఉంటే 30కి 2. వేగం నిమిషానికి 100 నుంచి 120. తెలుగులో పైకి లెక్కపెడుతుంటే పది దాకా బాగానే పోతుంది. "పదకొండు, పన్నెండు, పదమూడు" దగ్గర మాట పొడుగై చెయ్యి నెమ్మదిస్తుంది. తాళం కొట్టే మెట్రోనోమ్ పెట్టి చూస్తే అందరికీ అక్కడే వేగం పడిపోయింది. నకిరేకల్ నుంచి వచ్చిన ఒక సిస్టర్ ఉపాయం చెప్పింది. ఒకటి నుంచి పది, మళ్లీ ఒకటి నుంచి ఐదు. అంతే, అందరం అదే పట్టుకున్నాం. మేడం కూడా తర్వాతి బ్యాచులకు ఇదే చెప్తానన్నారు.

లోతు ఛాతీ మందంలో మూడో వంతు. పసిబిడ్డకు 4 సెంటీమీటర్లు, పెద్ద పిల్లలకు 5. ఇంత లోతా అని భయమేసింది, చిన్న ఎముకలు కదా. కానీ భయపడి పైపైన ఒత్తితే రక్తం కదలదు. ఒత్తిన తర్వాత పూర్తిగా వదలాలి, అప్పుడే గుండె మళ్లీ నిండుతుంది. పసిబిడ్డను రెండు చేతులతో చుట్టి పట్టుకుని రెండు బొటనవేళ్లతో ఒత్తడం అప్పుడే పుట్టిన బిడ్డల శిక్షణలోనే నాకు వచ్చు. అదే కొంప ముంచింది. అప్పుడే పుట్టిన బిడ్డకు 3 ఒత్తులకు 1 శ్వాస. నా బొటనవేళ్లు మూడు దగ్గర వాటంతట అవే ఆగిపోయాయి. నాలుగు రౌండ్లు పట్టింది ఆ అలవాటు విడవడానికి. లేబర్ రూమ్ నుంచి పిల్లల వార్డుకు మారిన సిస్టర్లు ఎవరైనా ఉంటే ఇది ముందే మనసులో పెట్టుకుని పోండి. ఇంకొకటి, 2025లో వచ్చిన కొత్త మార్గదర్శకాల్లో పసిబిడ్డలకు రెండు వేళ్లతో ఒత్తే పద్ధతి తీసేశారు. రెండు బొటనవేళ్లు, లేదంటే ఒక అరచేతిలో మణికట్టు దగ్గరి భాగం. వీడియోల్లో మాత్రం పాత పద్ధతే కనిపించింది, మేడం ప్రతిసారీ వీడియో ఆపి సరిదిద్దాల్సి వచ్చింది. ఫీజు అంత తీసుకున్నప్పుడు వీడియోలు మార్చుకుని రావాలి.

మధ్యాహ్నం భోజనం తర్వాత బల్ల మీద కోడికాళ్లు పెట్టారు. పొద్దున మార్కెట్ నుంచి తెప్పించినవి. షాక్‌లో ఉన్న బిడ్డకు సెలైన్ ఎక్కించే నరం (వెయిన్) దొరకదు. చేతులు, కాళ్లు, తల, అన్నిచోట్లా పొడిచి పొడిచి అరగంట పోగొట్టుకోవడం మాకందరికీ అనుభవమే. వెంటనే దొరక్కపోతే మోకాలి కింద ఎముకలోకి సూది దించాలి. సెలైన్, మందులు, రక్తం, అన్నీ అందులోంచి ఇవ్వొచ్చు. కోడికాలి ఎముక మీద సూది పెట్టి, అరచేతితో పైనుంచి నొక్కుతూ అటూ ఇటూ తిప్పాలి. మొదట రాయిలా ఉంటుంది. తిప్పగా తిప్పగా ఒక్కసారిగా "టక్" మని లోపలికి దిగుతుంది, ఇక ఒత్తిడి ఉండదు. చెయ్యి వదిలేస్తే సూది తనంతట తాను నిటారుగా నిలబడింది. నా పక్కనున్న డాక్టర్ గారు మూడోసారికి గానీ దించలేకపోయారు. ఆయన వదలకుండా ఇంకో రెండు కాళ్లు అడిగి తీసుకుని చేశారు. చూస్తే సంతోషమనిపించింది.

అడ్రినలిన్ దగ్గర నాకు కోపం వచ్చింది. స్లైడులో డోసు బాగానే ఉంది. కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే కిలోకు 0.1 ఎం.ఎల్. ఛాతీ ఒత్తడం మొదలుపెట్టిన ఐదు నిమిషాల్లోపు మొదటి డోసు పడాలి, తర్వాత మూడు నుంచి ఐదు నిమిషాలకొకసారి. కానీ ఆ 0.1 ఎం.ఎల్. లెక్క ముందే పలుచన చేసి వచ్చే సిరంజికి. వీడియోలో కనిపించే ఆమె డబ్బా తెరిచి సిరంజి తీసి ఇచ్చేసింది. మన దగ్గర ఎక్కడుంది ఆ సిరంజి? మనకొచ్చేది 1 ఎం.ఎల్.లో 1 మిల్లీగ్రాము ఉన్న ఆంపూల్. దాన్ని అట్లాగే కిలోకు 0.1 ఎం.ఎల్. చొప్పున ఇస్తే పది రెట్లు ఎక్కువ పోతుంది. నేను చెయ్యెత్తి అడిగాను. అప్పుడు మేడం ఆగి బోర్డు మీద రాశారు. ఒక ఆంపూల్, 9 ఎం.ఎల్. నార్మల్ సెలైన్, మొత్తం 10 ఎం.ఎల్. సిరంజికి పేరు రాసి అంటించాలి. ఇప్పుడు కిలోకు 0.1 ఎం.ఎల్. పన్నెండు కిలోల బిడ్డకు 1.2. హాల్లో అందరూ ఫోనులో ఫొటో తీసుకున్నారు. ఇది ఎవరో అడిగితే చెప్పే సంగతి కాదు. జిల్లాలకు వచ్చి నేర్పేవాళ్లు మొదటి స్లైడులోనే పెట్టాల్సిన సంగతి.

రెండో రోజంతా కేసులు. ఆరుగురు ఒక జట్టు. బొమ్మ మంచం మీద, మానిటర్ మీద అంకెలు మారుతుంటాయి. ఒకరు లీడర్, ఒకరు ఛాతీ, ఒకరు బ్యాగు, ఒకరు మందులు, ఒకరు మానిటర్, ఒకరు టైము రాసేవాళ్లు. నా వంతు వచ్చేసరికి నన్ను లీడర్‌ను చేశారు. జట్టులో సూర్యాపేట పిల్లల డాక్టర్ గారు ఉన్నారు. ఆయనకు నేను పని చెప్పాలి. పదమూడేళ్లలో నేను ఏ డాక్టరుకూ ఇది చేయండని చెప్పలేదు, నోరు రాలేదు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ సెలైన్ లైన్ దగ్గరికి పోతోంది. మేడం పక్కకు వచ్చి మెల్లగా, "సిస్టర్, మీరు మంచం కాళ్ల దగ్గర నిలబడండి, చేతులు వెనక్కి పెట్టుకోండి, అందరినీ చూడండి" అన్నారు.

కేసు నాలుగేళ్ల పాప, 15 కిలోలు, రెండు రోజులుగా వాంతులు, విరేచనాలు. పిలిస్తే పలకడం లేదు, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి ఐదు సెకన్లు. ఆక్సిజన్ పెట్టమన్నాను, ఎముకలో సూది వేయమన్నాను, 300 ఎం.ఎల్. సెలైన్ తోయమన్నాను. బాగానే పోతోందనుకుంటుండగా మానిటర్ మీద గుండె వేగం 90 అయింది, 70 అయింది, 50 అయింది. నాడి ఉంది. నాడి ఉంటే ఛాతీ ఎందుకు ఒత్తుతాం అని నా లోపల పాత నర్సు అంటోంది. కానీ పిల్లల్లో బ్యాగుతో ఊపిరి ఇస్తున్నా వేగం 60కి లోపలే ఉండి, ఒంటికి రక్తం అందకపోతే, ఆగేదాకా చూడకుండా ఒత్తడం మొదలుపెట్టాలి. "సార్, ఛాతీ ఒత్తడం మొదలుపెట్టండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన వెంటనే "ఛాతీ ఒత్తడం మొదలుపెడుతున్నా" అని తిరిగి చెప్పి మొదలుపెట్టారు. చెప్పిన మాటను తిరిగి చెప్పడం, అయిపోయాక అయిందని చెప్పడం, ఇదంతా మొదట చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది. కానీ "అడ్రినలిన్ ఒకటిన్నర ఎం.ఎల్." అంటే "అడ్రినలిన్ ఒకటిన్నర ఎం.ఎల్. ఇస్తున్నా", తర్వాత "ఇచ్చాను, టైము రాసుకోండి" అని మూడు మాటలు వినిపించినప్పుడు గదిలో అరుపులు లేవు. నాలుగేళ్ల కిందటి ఆ మధ్యాహ్నం మాకు లేనిది ఇదే. అర ఆంపూలా, పావు ఆంపూలా అని అక్కడ ఎవరూ అడగలేదు.

కేసు అయ్యాక మేడం తప్పులు చదవలేదు. "పాపలో ఇంకా ఏం చూడాల్సి ఉండె?" అని అడిగి ఊరుకున్నారు. చాలాసేపు నిశ్శబ్దం. చివరికి నేనే అన్నాను, షుగర్ చూడలేదని. రెండు రోజులు ఏమీ తినని బిడ్డ, మత్తుగా ఉన్న బిడ్డ, గ్లూకోమీటర్ నా జేబులో ఉన్నంత దగ్గర్లో ఉంటుంది, చూడలేదు. రెండో కేసులో మొదటి నిమిషంలోనే చూశాం. తిట్టి చెప్పి ఉంటే ఇంత గట్టిగా మనసులో నాటుకునేది కాదు.

కరెంటు షాక్ ఇచ్చే భాగం నేను తొందరగా దాటేస్తున్నాను. కిలోకు 2 జౌల్స్, తర్వాత 4. మా దవాఖానలో ఆ మిషన్ లేదు, పిల్లల్లో దాని అవసరం పడే కేసులు తక్కువ కూడా. అయినా పెద్ద దవాఖానల్లో చేసేవాళ్లకు అది బాగా చేయించారు.

ఇక లోపాలు. పసిబిడ్డ బొమ్మలు రెండే ఉన్నాయి, అందులో ఒకటి లోతు సరిపోయిందని చప్పుడు చేయాల్సింది, చేయలేదు. ఆ బొమ్మ వచ్చినవాళ్లు ఊహ మీదే ఒత్తారు. మంచినీళ్లు, భోజనం బాగున్నాయి, కానీ మొదటి రోజు గంటన్నర ఆలస్యంగా మొదలుపెట్టి సాయంత్రం ఏడున్నరకు వదిలారు. దేవరకొండ బస్సు కోసం నేను, మిర్యాలగూడ బస్సు కోసం ఇంకో ఇద్దరు సిస్టర్లు చీకట్లో బస్టాండులో నిలబడ్డాం. ఆడవాళ్లు ఎక్కువగా వచ్చే శిక్షణ ఇది, వేళ పాటించాలి. అన్నిటికంటే పెద్ద లోటు భాష. పుస్తకం, వీడియోలు, పరీక్ష, అన్నీ ఇంగ్లిషే. రాతపరీక్షలో 84 శాతం రావాలి. ఒక సిస్టర్ బ్యాగు పట్టడంలో మా అందరికంటే మేలు, ఛాతీ ఒత్తడంలో చెయ్యి అదరదు. కానీ ప్రశ్నలో ఒక పదం అర్థం కాక రెండోసారి రాయాల్సి వచ్చింది. ఏడుస్తూ రాసింది, పాసైంది. మేడం బోధన సగం తెలుగులోనే సాగింది కాబట్టి గట్టెక్కాం. డోసుల పేజీ ఒక్కటైనా, కేసు నడిపే క్రమం ఒక్కటైనా తెలుగులో అచ్చేసి ఇస్తే ఏం పోతుంది? ఏఎన్ఎంలకు, ఆయమ్మలకు కూడా అందుతుంది.

తిరిగొచ్చిన మర్నాడే ఎమర్జెన్సీ ట్రే కింద పోసి మళ్లీ సర్దాను. మూడు సైజుల మాస్కులు, చిన్న అంబు బ్యాగు, పక్కనే మడతపెట్టిన తువ్వాల. ఎముకలోకి దించే సూదులు రెండు తెప్పించమంటే మా సార్ అదే వారం తెప్పించారు. 3 కిలోల నుంచి 30 కిలోల దాకా అడ్రినలిన్ ఎన్ని ఎం.ఎల్.లో తెలుగు అంకెలు కాకుండా మామూలు అంకెల్లోనే పెద్దగా రాసి, ట్రే ఎదురుగా గోడకు అంటించాను. బరువు మిషన్ ఓపీ నుంచి తెచ్చి ఎమర్జెన్సీ గది గుమ్మంలో పెట్టించాను, ఎందుకంటే బరువు తెలియకపోతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ప్రతి సోమవారం డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు దిండు మీద ఒత్తడం, బొమ్మ లేదు కాబట్టి. చేతి పట్టు కొన్ని నెలల్లోనే జారిపోతుందని మేడం గట్టిగా చెప్పారు. కార్డు రెండేళ్లుంటుంది, చెయ్యి అంతకాలం ఉండదు.

మూడు వారాలకు, రాత్రి రెండింటికి, చందంపేట వైపు నుంచి ఎనిమిది నెలల పాపను తెచ్చారు. నిమ్ము. వచ్చినప్పుడు డొక్కలెగరేస్తోంది. గంట తర్వాత తల్లి నన్ను పిలిచి, "అక్కా, పడుకున్నది" అంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఊపిరి నిమిషానికి 16, పెదాలు నల్లబడుతున్నాయి. భుజాల కింద తువ్వాల పెట్టి బ్యాగు పట్టాను. ఒత్తు, వదులు, వదులు. గుండె వేగం 80కి దిగి, మళ్లీ 140కి ఎక్కింది. ఛాతీ ఒత్తే అవసరం రాలేదు. సార్ వచ్చి ఊపిరి గొట్టం వేశారు, 108లో హైదరాబాద్ దాకా బ్యాగు పట్టుకుని నేనే పోయాను. మాల్ దాటాక చెయ్యి తిమ్మిరెక్కితే టెక్నీషియన్ తమ్ముడికి ఇచ్చి, మళ్లీ తీసుకున్నాను. పన్నెండో రోజు పాపను ఇంటికి పంపారు.

ఐదుకు నాలుగిస్తాను. పోయేవాళ్లు ఒంటరిగా పోకండి. మీ డాక్టర్ గారిని, మీతో నైట్ చేసే సిస్టర్‌ను తీసుకునిపోండి, ఎందుకంటే ఒక్కరే నేర్చుకుని వస్తే మిగతా ముగ్గురికి ఆ మాటలు అర్థం కావు. మా దగ్గర వచ్చే బ్యాచ్‌కు సార్, ఇంకో సిస్టర్ పేర్లిచ్చారు. ఈసారి సగం ఫీజు దవాఖానే కడుతోంది.